ఆరడుగుల మూడంగుళాల కొత్త రైడరుకు ఎక్స్‌పల్స్ 200 4వి: పద్నాలుగు నెలల అనుభవం

ఇంట్లో నాన్న స్ప్లెండర్ ఏళ్ళ తరబడి ఉన్నప్పటికీ నేను ఇరవై ఏడో ఏట గాని బండి నేర్చుకోలేదు. హైదరాబాదులో నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలోనే ఆఫీసుకు వెళ్ళివచ్చే రోజుల్లో దాని అవసరం కనబడలేదు. ఉద్యోగం మారి రోజూ పోచారం వైపు వెళ్ళవలసి వచ్చినప్పుడు, ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవరు పనులతో గుంతలు పడిన ఆ రోడ్డులో ఆటోలు మారుతూ వెళ్ళడం కంటే సొంత బండి ఉండడమే మేలని నిర్ణయించుకున్నాను. నా ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు, బరువు తొంభై కిలోలకు కొంచెం పైన. ఈ రెండు అంకెలూ చెప్పకుండా హీరో ఎక్స్‌పల్స్ 200 4వి బైకు మీద ఈ సమీక్ష రాయడంలో అర్థం లేదు, ఎందుకంటే బండి ఎంపికలో నాకు ఎదురైన ప్రతి సమస్యా వాటి దగ్గరే మొదలైంది.

మన దగ్గర బైకుల గురించి రాసేవాళ్ళు ఎత్తు ప్రస్తావన తెచ్చినప్పుడు సాధారణంగా పొట్టివాళ్ళ ఇబ్బంది గురించే రాస్తారు. కాలు నేలకు అందుతుందా, రెండు పాదాలూ ఆనతాయా, సీటు తగ్గించుకునే వీలుందా అన్నవే ప్రశ్నలు. అది న్యాయమే, మనలో ఎక్కువమందికి అదే అవసరం. కానీ పొడవైన మనిషి షోరూముకు వెళ్ళినప్పుడు అదే కొలతను తిరగేసి, సీటు ఎంత ఎత్తుగా ఉంటే అంత మంచిదని చెబుతారు. నేను కూడా అదే నమ్మి, అన్ని బండ్ల సీటు ఎత్తులనూ కాగితం మీద రాసుకుని బయలుదేరాను. స్ప్లెండర్ ప్లస్ 785 మిల్లీమీటర్లు, యూనికార్న్ 798, హంటర్ 350 అయితే 800, క్లాసిక్ 350 అయితే 805, ఎక్స్‌పల్స్ 200 4వి 825, వీ‌స్ట్రోమ్ ఎస్‌ఎక్స్ 835. రెండు వారాలు తిరిగాక ఆ కాగితం నాకు చెప్పింది చాలా తక్కువేనని అర్థమైంది.

బండి ఆగి ఉన్నప్పుడు మాత్రమే సీటుకూ నేలకూ మధ్య దూరంతో మనకు పని. కదిలే బండి మీద గంటసేపు కూర్చున్నప్పుడు పని చేసేది సీటుకూ ఫుట్‌రెస్టుకూ మధ్య దూరం. మోకాలు ఎంత మడవాలో, తుంటి ఎంత నొక్కుకుపోతుందో నిర్ణయించేది అదే. ఈ కొలత కంపెనీల కరపత్రాల్లో కనబడదు. 800 మిల్లీమీటర్ల సీటున్న రెండు బండ్లలో ఒకదానికి ఫుట్‌రెస్టులు కిందికీ ముందుకీ ఉండి, రెండోదానికి పైకీ వెనక్కీ ఉంటే, మొదటిదాని మీద కుర్చీలో కూర్చున్నట్టు, రెండోదాని మీద గొంతుక్కూర్చున్నట్టు ఉంటుంది. అందువల్ల షోరూముకు వెళ్ళేటప్పుడు జేబులో ఒక టేపు పెట్టుకోండి. సీటు మధ్యలో కూర్చునే చోటు నుంచి ఫుట్‌రెస్టు రబ్బరు పైభాగం దాకా వాలుగా కొలవండి. అన్ని బండ్లకూ ఒకే పద్ధతిలో కొలిస్తే తేడా వెంటనే తెలిసిపోతుంది. దానితోపాటు మీ కాలి లోపలి పొడవు కూడా తెలిసి ఉండాలి. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, ఒక అట్టపుస్తకాన్ని రెండు కాళ్ళ మధ్య పైదాకా జరిపి, దాని పైఅంచు దగ్గర గోడ మీద పెన్సిలుతో గీత గీసి, నేల నుంచి ఆ గీతదాకా కొలిస్తే సరిపోతుంది. నాది ముప్పై ఆరు అంగుళాలు, అంటే సుమారు 91 సెంటీమీటర్లు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్ళు పొడవుగా, ఇంకొకరికి మొండెం పొడవుగా ఉండవచ్చు. వాళ్ళిద్దరికీ ఒకే బండి సరిపోదు.

నేర్చుకున్నది నాన్న స్ప్లెండర్ మీదే. కేవలం 112 కిలోల బరువు, మెత్తని క్లచ్, ఎంత నెమ్మదిగా నడిపినా ఓర్చుకునే 97.2 సీసీ ఇంజిన్ కలిగిన ఆ బండి కంటే మంచి గురువు కొత్తవాళ్ళకు దొరకడం కష్టం. అయితే పొడవైన మనిషికి అది రెండు చోట్ల చిన్నదవుతుంది. మొదటిది గేరు దగ్గర. నాది పదకొండో నంబరు బూటు. వేళ్ళతో నొక్కే ముందు మీటకూ మడమతో నొక్కే వెనక మీటకూ మధ్య నా పాదం పట్టేది కాదు. ముందు మీటను నొక్కబోయేలోగా బూటు మడమ వెనక మీట మీద పడి గేరు ఎటు పోయిందో తెలిసేది కాదు. పాదాన్ని ఫుట్‌రెస్టు మీద కొంచెం వెనక్కి జరిపి, బయటికి తిప్పి పెట్టడం అలవాటు చేసుకున్నాక గాని ఆ ఇబ్బంది తగ్గలేదు. రెండోది మోకాళ్ళ దగ్గర. హ్యాండిల్‌ను పూర్తిగా తిప్పినప్పుడు దాని పిడి వచ్చి మోకాలి లోపలి వైపు తగిలేది. నాగోల్ టెస్ట్ ట్రాకులో ఎనిమిది అంకె వేసేటప్పుడు సరిగ్గా అదే జరిగి, హ్యాండిల్ తిరగక కాలు కింద పెట్టాను. మొదటిసారి ఫెయిల్ చేశారు. తరువాత నాన్న సలహాతో సీటు మీద బాగా వెనక్కి జరిగి, మోకాళ్ళను ట్యాంకు నుంచి దూరంగా తెరిచి సాధన చేసి రెండో ప్రయత్నంలో గట్టెక్కాను. పొడవైనవాళ్ళు ఏ బండి మీద టెస్టుకు వెళ్ళినా హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి మోకాళ్ళకు తగులుతుందేమో ముందే చూసుకోవడం మంచిది. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) వచ్చిన ముప్పై రోజుల తరువాతే లైసెన్సు పరీక్షకు వెళ్ళే వీలుంటుంది కాబట్టి ఆ నెల రోజులూ దీనికే వాడుకోవచ్చు.

షోరూముల్లో అందరూ అన్నది ఒకటే మాట: “మీ హైటుకి పెద్ద బండే బాగుంటుంది సార్, చిన్నది తీసుకుంటే బొమ్మ మీద కూర్చున్నట్టు ఉంటుంది.” ఈ మాట విని బరువైన బండి కొనే పొడవైన కొత్తవాళ్ళను చూస్తే నాకు నిజంగా ఆందోళన కలుగుతుంది. ఎత్తు ఎక్కువైనంత మాత్రాన క్లచ్ మీద అదుపు ముందే వచ్చేయదు. ట్రాఫిక్‌లో, వాలులో, ఇసుక మీద బండి ఒక పక్కకు ఒరిగినప్పుడు దాన్ని పట్టుకోవడం కొత్తవాడికి కష్టమే, వాడు ఎంత పొడవైనా సరే. పైగా పొడవైనవాళ్ళ బరువు శరీరం పైభాగాన ఎక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి బండి ఒరగడం మొదలైతే దాన్ని ఆపడానికి ఎక్కువ బలం కావాలి. హంటర్ 350 బరువు 181 కిలోలు, క్లాసిక్ 195, హిమాలయన్ 450 అయితే 196. మూడూ మంచి బండ్లే. హంటర్ మీద అరగంట తిరిగాను. 27 న్యూటన్ మీటర్ల టార్కుతో (లాగే బలంతో) అది తక్కువ వేగంలోనూ హాయిగా లాగుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ దాని సీటుకూ ఫుట్‌రెస్టులకూ మధ్య నా కాళ్ళకు చోటు చాలలేదు. ఐదడుగుల ఎనిమిది అంగుళాల మా బాబాయి కొడుకు అదే బండి మీద ఎంతో సౌకర్యంగా కూర్చున్నాడు. అది బండి లోపం కాదు, ఆ బండిని మలిచింది మరొక కొలత మనిషి కోసం.

యూనికార్న్, అపాచీ 160 4వి కూడా చూశాను. నగరంలో తిరగడానికే పరిమితమైతే యూనికార్న్ పొడవైన కొత్తవాళ్ళు తప్పక కూర్చుని చూడవలసిన బండి. సీటు పొడవుగా, చదునుగా ఉండడం వల్ల వెనక్కి జరగడానికి చోటు ఉంటుంది, 140 కిలోల బరువు భయపెట్టదు. వీ‌స్ట్రోమ్ ఎస్‌ఎక్స్ నాకు బాగా కుదిరింది. అందులో 249 సీసీ ఇంజిన్, ఆరు గేర్లు, 167 కిలోల బరువు ఉన్నాయి. ధర మాత్రం నేను పెట్టుకున్న లెక్కను దాటిపోయింది.

చివరికి తీసుకున్నది 2023లో మార్పులతో వచ్చిన ఎక్స్‌పల్స్ 200 4వి. ఎక్స్‌షోరూమ్ ధర లక్షన్నర చుట్టూ ఉండేది, లైఫ్ టాక్స్, ఇన్సూరెన్సు దానికి అదనం. 199.6 సీసీ, ఆయిల్ కూల్డ్ ఇంజిన్, సుమారు 19 హార్స్ పవర్, ఐదు గేర్లు, 13 లీటర్ల ట్యాంకు, సుమారు 159 కిలోల బరువు. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18. సస్పెన్షన్ ముందువైపు 190 మిల్లీమీటర్లు, వెనక 170 మిల్లీమీటర్లు కదులుతుంది. ఈ అంకెలన్నీ అందరికీ దొరికేవే. నాకు ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఆ 2023 మార్పుల్లో ఫుట్‌రెస్టులను అంతకుముందున్న చోటు నుంచి కిందికి దించారు. సీటు అంతే ఉండి ఫుట్‌రెస్టు కిందికి దిగితే పొడవైన కాలికి అంతమేరా చోటు పెరుగుతుంది. పాత మోడలు సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్న పొడవైనవాళ్ళు ఈ తేడాను గుర్తుంచుకుని రెండింటి మీదా కూర్చుని చూడాలి.

మొదటిసారి దాని మీద కూర్చున్నప్పుడు నేను గమనించినది చెబుతాను. సైడ్ స్టాండ్ తీసి రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనించాను, మోకాళ్ళు కొంచెం వంగే ఉన్నాయి. తరువాత సేల్స్ కుర్రాడిని వెనక కడ్డీ పట్టుకోమని చెప్పి రెండు కాళ్ళూ ఫుట్‌రెస్టుల మీద పెట్టాను. మోకాళ్ళు ట్యాంకు పక్కన ఉన్న గుంటల దగ్గరే ఆగాయి. పైకి లేవలేదు, బయటికి పొడుచుకు రాలేదు. హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పాను, మోకాలికి తగలలేదు. ఆ తరువాత ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడ్డాను. వెడల్పైన ఆ హ్యాండిల్ అప్పుడు మాత్రం నాకు కిందికి ఉన్నట్టు అనిపించింది. పొడవైనవాళ్ళకు నిలబడి నడిపేటప్పుడు నడుము వంచవలసి రావడం చాలా బండ్లలో ఉన్నదే. నేను గుంతల రోడ్డులో రెండు మూడు నిమిషాలు మాత్రమే నిలబడతాను కాబట్టి అది నాకు పెద్ద సమస్య కాలేదు. రోజంతా మట్టిదారుల్లో నిలబడి నడపదలచుకున్నవాళ్ళు హ్యాండిల్ కింద దాన్ని పైకి లేపే రైజర్లు వేయించుకోవచ్చు. కానీ వేయించాక హ్యాండిల్‌ను చివరిదాకా తిప్పి, క్లచ్ కేబులూ బ్రేకు గొట్టమూ బిగుసుకుపోతున్నాయేమో మెకానిక్ ఎదుటే చూసుకోవాలి. కేబులు లాగబడితే హ్యాండిల్ తిప్పినప్పుడు క్లచ్ దానంతటదే నొక్కినట్టవుతుంది. అది కొత్తవాడిని యూటర్న్ మధ్యలో పడేయగలదు.

నడకలో ఈ బండి కొత్తవాడికి ఎలా ఉంటుందన్నది అసలు ప్రశ్న. క్లచ్ తేలిక, ఇంజిన్ తక్కువ వేగంలో కుదుపు లేకుండా లాగుతుంది, యాక్సిలరేటర్ కొంచెం ఎక్కువ తిప్పినా ఒక్కసారిగా ముందుకు దూకదు. ఉప్పల్ దాటాక పిల్లర్ల పక్కన మట్టీ కంకరా కలిసిన రోడ్డులో, ముందు బస్సు అకస్మాత్తుగా ఆగినప్పుడు, నేను చేసిన చిన్న చిన్న తప్పులను ఈ బండి చాలాసార్లు సర్దుకుంది. స్ప్లెండర్ మీద వెన్నెముకకు తగిలే గుంతలు దీని మీద మోకాళ్ళ దాకా కూడా రావు. వెనక సస్పెన్షన్‌లో ప్రీలోడ్ (స్ప్రింగు బిగువు) మార్చుకునే వీలుంది. పొడవైనవాళ్ళు సహజంగానే కొంత బరువుంటారు కాబట్టి కొన్నరోజే దాన్ని తమ బరువుకు సరిపడా బిగించుకోవాలి. లేకపోతే వెనకభాగం కూర్చుండిపోయి, నేల నుంచి సీటు ఎత్తు కొంత తగ్గిపోతుంది. నేను ఈ సంగతి నెల తరువాత తెలుసుకున్నాను. సర్వీసింగ్‌లో చెబితే పది నిమిషాల్లో చేసి ఇచ్చారు.

కాళ్ళు నేలకు సులువుగా అందడం కొత్తవాడికి ఒక ప్రమాదాన్ని కూడా తెచ్చిపెడుతుంది. దీని గురించి ఎవరూ నన్ను హెచ్చరించలేదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ట్రాఫిక్ నెమ్మదించగానే నేను బండి కదులుతుండగానే రెండు కాళ్ళూ కిందికి దించి, నేల మీద రాసుకుంటూ నడిపేవాణ్ణి. కాళ్ళు పొడవుగా ఉన్నందువల్ల అది ఎంతో భద్రంగా అనిపించేది. ఒక సాయంత్రం బోడుప్పల్ కమాన్ దగ్గర అలాగే కాలు దించినప్పుడు పాదం ఒక రాయికి ఆగిపోయింది, బండి మాత్రం ముందుకు సాగింది. వెనక నుంచి ఫుట్‌రెస్టు వచ్చి పిక్కకు బలంగా గుద్దుకుంది. ఎముకకు ఏమీ కాలేదు గాని పది రోజులు కుంటుతూ నడిచాను. ఆ తరువాత బండి పూర్తిగా ఆగేదాకా కాళ్ళు ఫుట్‌రెస్టుల మీదే ఉంచి, హాఫ్ క్లచ్‌తో (క్లచ్ సగమే నొక్కి) వెనక బ్రేకును సున్నితంగా పట్టుకుని నెమ్మదిగా నడపడం ఖాళీ మైదానంలో ప్రత్యేకంగా సాధన చేశాను. ఎడమకాలు ఒక్కటే, అదీ ఆగిన తరువాతే దించాలి. కుడికాలు బ్రేకు మీద ఉండాలి.

బండిని ఒకే ఒకసారి పడేశాను. అనంతగిరి కొండల వైపు వెళ్ళినప్పుడు, కంకర ఉన్న మలుపులో హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు నొక్కడం నా పొరపాటు. నడక వేగంలోనే పడ్డాను. వెంట ఎవరూ లేరు. ఇంజిన్ ఆపి, బండికి వీపు ఆనించి కూర్చుని, ఒక చేత్తో హ్యాండిల్‌ను, ఇంకో చేత్తో సీటు కింద కడ్డీని పట్టుకుని, నడుముతో కాకుండా కాళ్ళ బలంతో వెనక్కి అడుగులు వేస్తూ లేపాను. 159 కిలోల బండి కాబట్టి ఒక్కణ్ణే లేపగలిగాను. ఇంకో నలభై కిలోల బరువుంటే ఆ మలుపులో ఎవరైనా వచ్చేదాకా నిలబడవలసి వచ్చేది. చేతి రక్షణ కవచం మీద ఒక గీత తప్ప బండికి ఏమీ కాలేదు.

హైవే విషయంలో ఈ బండి నుంచి ఏమి ఆశించవచ్చో ముందే తెలుసుకోవాలి. వరంగల్ దాకా రెండుసార్లు వెళ్ళివచ్చాను. 75 నుంచి 80 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ హాయిగా ఉంటుంది. 90 దాటాక దాని దగ్గర మిగిలిన బలం తక్కువ, లారీని దాటాలంటే ముందు నుంచే లెక్క వేసుకోవాలి. ఆరో గేరు ఉంటే బాగుండునని అప్పుడు అనిపిస్తుంది. 2025లో వచ్చిన ఎక్స్‌పల్స్ 210లో లిక్విడ్ కూల్డ్ ఇంజిన్‌తోపాటు ఆ ఆరో గేరు కూడా ఇచ్చారు, సీటు ఎత్తు 830 మిల్లీమీటర్లు. తరచుగా దూరప్రయాణాలు చేసే పొడవైనవాళ్ళు దాన్ని నడిపి చూశాకే నిర్ణయించుకోవాలి. గాలి సంగతి కూడా చెప్పాలి. ముందు అద్దం మీదుగా లేచిన గాలి, నా ఎత్తు మనిషికి సరిగ్గా హెల్మెట్ నుదుటి దగ్గర తగులుతుంది. సగటు ఎత్తు వాళ్ళకు అది తల మీదుగా పోతుంది. మొదటి ప్రయాణంలో గంటన్నరకే మెడ నొప్పి పుట్టింది. నుదుటి పైన ముందుకు పొడుచుకొచ్చిన అంచు లేని, తలకు బిగుతుగా సరిపోయే ఐఎస్‌ఐ మార్కు ఫుల్ ఫేస్ హెల్మెట్‌కు మారాక చాలావరకు తగ్గింది.

ఈ బండి స్పోక్ చక్రాలకు ట్యూబులుంటాయి కాబట్టి పంక్చరైతే ట్యూబ్‌లెస్ టైరులాగా నెమ్మదిగా నడుపుకుంటూ పోలేం. మేకు గుచ్చుకున్న రోజు ఘట్‌కేసర్ దగ్గర కిలోమీటరు దూరం తోసుకుంటూ వెళ్ళాను. ఇప్పుడు సీటు వెనక సంచిలో 21 అంగుళాల ట్యూబు ఒకటి ఉంటుంది. చిన్న దుకాణాల్లో ఆ సైజు దొరక్కపోవచ్చు. మైలేజీ నా నడకలో లీటరుకు 37 నుంచి 39 దాకా వస్తోంది.

గేరు మీట ఎత్తు మార్చుకోవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. నా బూటు ముందుభాగం ఆ మీట కింద దూరక, ప్రతిసారీ చీలమండను బాగా కిందికి వంచవలసి వచ్చేది, సాయంత్రానికి ఆ కీలు లాగేది. మా వీధిలో మెకానిక్ అన్న ఒక్క బోల్టు వదులు చేసి, మీటను పళ్ళ మీద ఒక గాటు పైకి జరిపి బిగించాడు. డబ్బులు తీసుకోలేదు. “ఇంత పొడుగు మనిషివి, మొదటి రోజే రావద్దా తమ్మీ” అన్నాడు. బ్రేకు, క్లచ్ లివర్లను కూడా నా ముంజేతుల వాలుకు తగ్గట్టు కొంచెం కిందికి తిప్పాడు. ఏ బండి కొన్నా పొడవైనవాళ్ళు ఈ రెండు పనులూ డెలివరీ రోజే అక్కడే నిలబడి చేయించుకోవాలి.

వెనక కూర్చునేవాళ్ళ విషయంలో మాత్రం ఈ బండిని అందరికీ సిఫారసు చేయలేను. నాకు కుదిరిన ఆ ఎత్తే అమ్మకు కుదరలేదు. అమ్మ ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చోవాలంటే ఇంటి ముందు అరుగు పక్కన బండి నిలబెట్టాలి, దిగవలసిన చోట కూడా అలాంటి అరుగో ఫుట్‌పాతో వెతకాలి. ఒకసారి ఉప్పల్ కూరగాయల మార్కెట్ దగ్గర దిగేటప్పుడు నా భుజం పట్టుకుని జారుతూ దిగింది, ఆమె కాలు నేలకు తగిలేదాకా నాకు ప్రాణం కుదుటపడలేదు. ఆ రోజు నుంచి అమ్మను ఎక్కడికైనా తీసుకువెళ్ళాలంటే నాన్న స్ప్లెండరే బయటికి తీస్తున్నాను.